అర్ధరాత్రి అయితే ఎన్ని నిమిషాల్లో ఆపరేషన్ చేస్తారు?

కాన్పు కోసం ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు మన ఇళ్లలో అడిగే ప్రశ్నలు నాకు బాగా తెలుసు. డాక్టరమ్మ హస్తవాసి మంచిదేనా? నార్మల్ కోసం ఓపిక పడుతుందా, ఊరకే కోసేస్తుందా? ప్యాకేజీ ఎంత? ఏసీ గది ఉందా? తోడుగా వచ్చినవాళ్లకు మంచం ఇస్తారా? ఇవన్నీ అడగాల్సినవే, తప్పేమీ లేదు. కానీ ముప్పై ఏళ్లుగా ఆపరేషన్ థియేటర్లో బల్లకు తలవైపున కూర్చుని పనిచేసిన మత్తు డాక్టరుగా చెబుతున్నాను. అసలైన ప్రశ్న అడిగిన కుటుంబాలను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ‘రాత్రి రెండు గంటలకు ఉన్నట్టుండి ఆపరేషన్ చేయాల్సి వస్తే, ఎన్ని నిమిషాల్లో బిడ్డను బయటికి తీయగలరు?’

ఈ ప్రశ్న ఎంత బరువైనదో నాకు నేర్పింది పుస్తకాలు కాదు, ఒక తాత.

తుమ్మలపల్లె అంటే చాలామందికి యురేనియం గని గుర్తుకొస్తుంది. వేముల మండలంలోని ఆ ఊరి పక్కన, అరటి, చీనీ తోటల మధ్య ఉన్న ఒక పల్లె నుంచి తొలిచూలు అమ్మాయిని ప్రొద్దుటూరు తీసుకొచ్చారు. పదేళ్లు దాటింది. పులివెందుల వాళ్లకు పదిహేను కిలోమీటర్ల చుట్టుపక్కలే. అయినా ప్రొద్దుటూరులో చుట్టాలున్నారనీ, అక్కడ పెద్ద డాక్టర్లుంటారనీ ఎనిమిదో నెలలోనే వచ్చి ఇల్లు అద్దెకు తీసుకున్నారు. నెలనెలా చూపించారు, స్కానింగులు తీయించారు. నొప్పులు మొదలవగానే ఆటోలో పది నిమిషాల్లో నర్సింగ్ హోముకు చేరారు. ఒక కుటుంబం చేయగలిగినదంతా చేశారు.

రాత్రి పన్నెండుకు కాస్త ముందు ఉమ్మనీరు పోయింది. పచ్చగా ఉంది. అంటే బిడ్డ లోపలే విరేచనం చేసుకుంది. కాసేపటికి బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గడం మొదలైంది. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాల్సింది 90కి, 80కి పడిపోతోంది, లేస్తోంది, మళ్లీ పడుతోంది. డాక్టరమ్మ ఆలోచించలేదు. పన్నెండు ఇరవై అయిదుకు ఆపరేషన్ చేయాలని నిర్ణయించింది. సరైన నిర్ణయం, సరైన సమయం.

ఆ తర్వాత ఏమైంది? వాళ్లు మామూలుగా పిలిచే మత్తు డాక్టరు ఊరికి ఆ చివర ఇంకో థియేటర్లో ఉన్నాడు. బల్ల మీద మనిషిని వదిలి రాలేడు. రెండో ఆయన జమ్మలమడుగుకు పోయాడు. మూడో ఆయన పెళ్లికి ఊరెళ్లాడు. నేను నాలుగోవాణ్ణి. నా ఫోను మోగింది ఒంటిగంటా పది నిమిషాలకు. పదిహేను నిమిషాల్లో చేరాను. థియేటర్ తలుపు తీసి ఉంది గానీ, లోపల పనిచేసే సిస్టర్‌ను ఇంటి నుంచి పిలుచుకురావడానికి మనిషి పోయాడు. నడుముకు మత్తు ఇచ్చి, కోసి, బిడ్డను తీసేసరికి ఒంటిగంటా నలభై ఎనిమిది. నిర్ణయం నుంచి బిడ్డ బయటికి రావడానికి 83 నిమిషాలు.

బిడ్డ ఏడవలేదు. గాలి గొట్టం వేసి ఊపిరి అందించాం. పిల్లల డాక్టరు వచ్చాడు. తెల్లవారుజామున పెద్ద ఆసుపత్రికి పంపించాం. బతికాడు.

అయిదారేళ్ల తర్వాత పులివెందులలో ఒక పెళ్లిలో నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. చంకలో పిల్లవాడు. మెడ నిలబడదు, నోటి నుంచి చొంగ, చేతులు బిగదీసుకుని ఉన్నాయి. ఆయన తువ్వాలతో వాడి మూతి తుడుస్తూ అడిగాడు: “సార్, ఆ పొద్దు మిమ్మల్ని ముందే పిలిచింటే మావోడు నడిచేవాడా?”

ఆలస్యం వల్లే అలా అయిందని నేను కోర్టులో ప్రమాణం చేసి చెప్పలేను. సెరిబ్రల్ పాల్సీకి కారణాలు చాలా ఉంటాయి. కాన్పుకు ముందే గర్భంలో దెబ్బతిన్న పిల్లలూ ఉంటారు. అది చెప్పబోయాను, నోరు రాలేదు. ఎందుకంటే ఆయన అడిగింది వైద్యశాస్త్రం గురించి కాదు, ఆ 83 నిమిషాల గురించి. వాటికి నా దగ్గర సమాధానం లేదు.

అరగంట ఎక్కడి నుంచి వచ్చింది?

నిర్ణయం తీసుకున్న క్షణం నుంచి బిడ్డ బయటికి వచ్చేదాకా పట్టే సమయాన్ని లెక్కగట్టడం వైద్యరంగంలో ఎప్పటి నుంచో ఉంది. అత్యవసర సిజేరియన్‌ను అరగంటలోపు మొదలుపెట్టగల ఏర్పాటు కాన్పులు చేసే ఆసుపత్రులన్నిటికీ ఉండాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 1980ల చివరలోనే చెప్పింది. బ్రిటన్‌లో దీన్ని ఇంకాస్త విడమరిచారు. తల్లికో బిడ్డకో తక్షణం ప్రాణం మీదికి వస్తే మొదటి తరగతి, 30 నిమిషాల్లో బిడ్డ బయటికి రావాలి. ఇబ్బంది ఉంది గానీ ప్రాణం మీదికి రాలేదంటే రెండో తరగతి, 75 నిమిషాలు. తొందరగా కాన్పు కావాలి గానీ ఇద్దరూ బాగున్నారంటే మూడోది. తీరిగ్గా తేదీ పెట్టుకుని చేసేది నాలుగోది.

ఈ 30 నిమిషాలను మంత్రంలా పట్టుకోకూడదు. 29వ నిమిషంలో పుట్టిన బిడ్డ బాగుండి, 31వ నిమిషంలో పుట్టిన బిడ్డ దెబ్బతింటుందని కాదు. చాలామంది పిల్లలు గంట ఆలస్యమైనా బాగానే ఉంటారు. అలాగే కొన్ని సందర్భాల్లో అరగంట కూడా చాలా ఎక్కువ. బొడ్డుతాడు ముందుగా జారి బయటికి వచ్చినా, మాయ గర్భాశయం గోడ నుంచి ఊడిపోయినా, పాత సిజేరియన్ కుట్టు దగ్గర గర్భాశయం చిట్లినా ప్రతి నిమిషమూ లెక్కే. కుట్టు చిట్లిన కేసులను పరిశీలించి 1993లో లాస్ ఏంజెలెస్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, బిడ్డ గుండె పడిపోయి 18 నిమిషాలు దాటిన తర్వాత పుట్టిన పిల్లల్లోనే తీవ్రమైన నష్టం కనిపించింది. పద్దెనిమిది నిమిషాలు అంటే, మన ఊళ్లలో డ్రైవర్ను లేపి కారు బయటికి తీసేంత సమయం.

అరగంట అనేది బిడ్డకు పెట్టిన గడువు కాదు. అది ఆసుపత్రికి పెట్టిన పరీక్ష. మనుషులు, మందులు, రక్తం, థియేటరు అన్నీ సిద్ధంగా ఉన్న చోట మాత్రమే అరగంటలో పని అవుతుంది. సిద్ధంగా లేని చోట ఎంత మంచి డాక్టరున్నా కాదు.

ఇక్కడే మన రాష్ట్రపు విచిత్రం ఒకటి చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 మందికి పైగా ఆసుపత్రుల్లోనే కంటున్నారు. ఆ కాన్పుల్లో సిజేరియన్లు కలిపి చూస్తే మొత్తం ప్రసవాల్లో 42.4 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63 శాతం. తెలంగాణలో మొత్తం మీద 60 శాతం దాటింది. దేశం సగటు 21.5. సిజేరియన్లు 10 శాతం దాటాక ఆ పెంపు వల్ల మరణాలు ఇంకా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

ఇన్ని ఆపరేషన్లు చేసే రాష్ట్రంలో అవసరమైన ఆపరేషన్ ఎందుకు ఆలస్యం అవుతుంది? ఎందుకంటే ఆ 42లో చాలావరకు పగటిపూట, అందరికీ వీలైన వేళ, ముందే మాట్లాడుకుని చేసేవి. పొద్దున ఎనిమిదికి మత్తు డాక్టరుకు కబురు పోతుంది, పదకొండుకు ఒకటి, పన్నెండున్నరకు ఒకటి. అది వేరే పని. రాత్రి రెండింటికి నోటీసు లేకుండా వచ్చి పడేది వేరే పని. ఒకదానిలో చేయి తిరిగినంత మాత్రాన రెండోదానికి సిద్ధంగా ఉన్నట్టు కాదు. రోజుకు అయిదు సిజేరియన్లు చేసే నర్సింగ్ హోము కూడా అర్ధరాత్రి ఒక్కటి చేయడానికి గంటన్నర తీసుకోవచ్చు.

ఇంకో ముడి కూడా ఉంది. ఈ రోజు అనవసరంగా పెట్టిన ప్రతి కోతా రేపటి కాన్పులో ఒక ప్రమాదం. ఒకసారి సిజేరియన్ అయిన తల్లికి తర్వాతి కాన్పులో నొప్పులు వచ్చినప్పుడు ఆ కుట్టు విడిపోయే అవకాశం సుమారు రెండొందల మందిలో ఒకరికి. చిన్న సంఖ్యే. కానీ పది మంది తల్లుల్లో నలుగురికి పొట్ట మీద కుట్టు ఉన్న రాష్ట్రంలో ఆ ఒక్కరు ఎక్కడో ఒకచోట ప్రతి వారం ఎదురవుతూనే ఉంటారు. మాయ పాత కుట్టుకు అతుక్కుపోయి రక్తం ఆగకపోవడమూ అంతే. పగటిపూట సుఖంగా చేసిన ఆపరేషన్లు రాత్రిపూట అత్యవసరాలను కంటున్నాయి.

దారి తగ్గింది, వరండాలో నిరీక్షణ మిగిలింది

తల్లుల మరణాలకు మూడు ఆలస్యాలు కారణమని 1994లో ఇద్దరు పరిశోధకులు, థడియస్, మెయిన్, రాశారు. ఆసుపత్రికి పోవాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మన జిల్లాకు ఇది చక్కగా సరిపోతుంది. జమ్మలమడుగులో నూరేళ్లు దాటిన క్యాంప్‌బెల్ మిషన్ ఆసుపత్రికి ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెల నుంచి బండి కట్టుకుని వచ్చేవారని పెద్దలు చెప్పేవారు. అప్పటి శత్రువు దూరం. ఇప్పుడు ప్రసవం ఇంట్లోనే కావాలనే వాళ్లు దాదాపు లేరు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు వచ్చాయి. రోడ్లు బాగుపడ్డాయి. మొదటి రెండు ఆలస్యాలూ చాలా తగ్గాయి. ఏజెన్సీలో డోలీ కట్టి గర్భిణులను మోసుకొచ్చే ఊళ్లు ఇంకా ఉన్నాయి, అది వేరే వ్యాసం. మన ప్రాంతంలో మాత్రం మిగిలింది మూడోది. ఆసుపత్రి గేటు లోపలికి వచ్చాక, వరండాలో కూర్చుని ఎదురుచూసే ఆలస్యం.

అందులో మొదటి పేరు నాదే, అంటే మత్తు డాక్టరుది. పట్టణంలో పాతిక నర్సింగ్ హోములుంటే మత్తు డాక్టర్లు ఏడెనిమిది మంది ఉంటారు అనుకోండి. ఎవరూ ఒక ఆసుపత్రికి కట్టుబడి ఉండరు. పిలిచిన చోటికి పోతాం, కేసుకు ఇంత అని తీసుకుంటాం. పగలు ఇది బాగానే నడుస్తుంది. రాత్రి ఒకేసారి రెండు చోట్ల నుంచి ఫోను వస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే. నిజం చెప్పాలంటే మాలో కొందరు రాత్రి ఫోను ఎత్తరు. నేనూ ఒకటి రెండుసార్లు ఎత్తలేదు. మరుసటి రోజు దాని గురించి ఎవరూ అడగరు, ఎందుకంటే ఎవరూ అడిగే ఏర్పాటు లేదు.

రెండోది రక్తం. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. ఆపరేషన్‌లో రక్తం పోతే తట్టుకునే శక్తి వాళ్లకు తక్కువ. చాలా నర్సింగ్ హోముల్లో రక్తం నిల్వ ఉండదు. భర్త చేతికి చీటీ, చిన్న సీసా ఇచ్చి బ్లడ్ బ్యాంకుకు పంపుతారు. గ్రూపు చూసి, క్రాస్ మ్యాచింగ్ చేసి ఇచ్చేసరికి ముప్పావు గంట. గ్రూపు దొరకకపోతే వాట్సాప్‌లో దాత కోసం వెతుకులాట. ఈ పని తొమ్మిదో నెలలో, పగటిపూట, ప్రశాంతంగా చేసిపెట్టుకోవచ్చు. చేయం.

ఇక ఇంటివాళ్ల వల్ల అయ్యే ఆలస్యం. ఇది రాస్తే కొందరికి కోపం వస్తుంది, అయినా రాయాలి. ‘ఆపరేషన్ చేయాలి, సంతకం పెట్టండి’ అనగానే వరండాలో సభ మొదలవుతుంది. అల్లుడు దారిలో ఉన్నాడు, వచ్చాక చెబుతాం. మేనమామను అడగాలి. “మా కాలంలో రెండు రోజులు నొప్పులు పడినాం, ఇంగొంచెం చూడండి మ్మా” అని అమ్మమ్మ. వీళ్ల అనుమానం పూర్తిగా తప్పు కాదు. నూటికి అరవై మందిని కోసే చోట, మాకూ డబ్బుల కోసమే చెబుతున్నారేమో అనుకోవడం సహజం. నాన్నా పులి కథలో లాగా, నిజంగా పులి వచ్చిన రాత్రి ఎవరూ నమ్మరు. అవసరం లేని సిజేరియన్లు చేసి మా వృత్తి పోగొట్టుకున్నది ఆ నమ్మకాన్నే.

కానీ చట్టం ఏమంటుందో తెలుసుకోండి. పెద్దయిన, స్పృహలో ఉన్న స్త్రీ తన ఆపరేషన్‌కు తానే సంతకం పెట్టవచ్చు. భర్త సంతకం, అత్త సంతకం అవసరం లేదు. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆ కేసులో రోగి మత్తులో ఉండగా తల్లి దగ్గర అనుమతి తీసుకుని డాక్టరు గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికి రాని పరిస్థితిలో తల్లి అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది. ప్రాణాపాయం ఉంటే మాత్రం అనుమతి కోసం ఆగకుండా చేయవచ్చని కూడా చెప్పింది. అయినా మన ఆసుపత్రుల్లో, నొప్పులతో కేకలు పెడుతున్న ఆ అమ్మాయిని ఎవరూ అడగరు. కాగితం మాత్రం వరండాలో చేతులు మారుతుంటుంది. నలుగురు మగవాళ్లు చదివి, నలుగురూ ఇంకొకరి ముఖం చూస్తారు.

ముహూర్తం సంగతి మరీ ఘోరం. నక్షత్రం చూసి ముందుగా కోయించుకోవడం గురించి చాలామంది రాశారు. అత్యవసరంలో కూడా అది అడ్డం వస్తుందని తక్కువమందికి తెలుసు. “సార్, ఇంకో నలభై నిమిషాలు పోతే రాహుకాలం దాటిపోతాది. అంతలో ఏమైతాది?” అని నన్ను థియేటర్ తలుపు దగ్గర అడిగిన తండ్రి ఉన్నాడు. చదువుకున్నవాడే, బ్యాంకులో ఉద్యోగం. బిడ్డ గుండె పడిపోతున్న శబ్దం లోపలి నుంచి మా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

చిన్న విషయమే గానీ ఒకటి. నొప్పులు మొదలయ్యాయనగానే శక్తి కోసమని కడుపునిండా పెరుగన్నం తినిపించి తీసుకొస్తారు. అత్యవసరంగా పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే ఆ అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో దాచకుండా చెప్పండి. తిట్టం.

అంబులెన్సు ఎక్కించడం వైద్యం కాదు

తుమ్మలపల్లె నుంచి కడప సుమారు డెబ్బై కిలోమీటర్లు. ప్రొద్దుటూరు కూడా దగ్గర దగ్గర అంతే. పగలంతా ఒక చిన్న ఆసుపత్రిలో ఉంచుకుని, రాత్రి పదకొండుకు ‘మా వల్ల కాదు, కడపకు తీసుకుపోండి’ అంటే ఆ అమ్మాయికి గంటన్నర దారిలోనే పోతుంది. పంపేటప్పుడు అవతలి ఆసుపత్రికి ఒక ఫోను చేయరు. చీటీలో బీపీ ఎంతో, ఏ ఇంజెక్షన్ ఎప్పుడిచ్చారో ఉండదు. అక్కడి డ్యూటీ డాక్టరు మళ్లీ మొదటి నుంచి చూస్తాడు, మళ్లీ రక్తపరీక్ష, మళ్లీ సంతకం. పంపడం తప్పు కాదు. పంపాల్సిన వేళకు పంపకపోవడం, చెప్పకుండా పంపడం తప్పు.

దీని చివరి రూపం ఎలా ఉంటుందో 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ రోజుల్లో గద్వాల ప్రాంతపు ఒక యువతి విషయంలో చూశాం. రక్తహీనత, బీపీ ఉన్న ఆమెను గద్వాల నుంచి మహబూబ్‌నగర్, అక్కడి నుంచి హైదరాబాద్, అక్కడ ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిప్పారు. చివరికి బిడ్డా దక్కలేదు, తల్లీ దక్కలేదు. తెలంగాణ హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. మంచాలు లేవని ఆసుపత్రులు తిప్పి పంపడం జీవించే హక్కును కాలరాయడమేనని సుప్రీంకోర్టు 1996లోనే పశ్చిమ బెంగాల్ కేసులో చెప్పింది. రైలు నుంచి పడ్డ ఒక కూలీ మనిషిని కలకత్తాలో ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిప్పి పంపిన కేసు అది. తీర్పులున్నాయి. అర్ధరాత్రి అంబులెన్సులో కూర్చున్నవాళ్ల చేతిలో తీర్పు ఉండదు.

చిన్న ఆసుపత్రుల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఏదైనా జరిగితే అద్దాలు పగులుతాయని, కేసులు పడతాయని వాళ్లకు భయం. రాజస్థాన్‌లోని దౌసాలో 2022 మార్చిలో, కాన్పు తర్వాత రక్తస్రావంతో తల్లి చనిపోతే, హత్య కేసు పెట్టారని ఒక గైనకాలజిస్టు ఆత్మహత్య చేసుకుంది. ఆ వార్త చదివిన ప్రతి చిన్న ఊరి డాక్టరమ్మా కష్టమైన కేసును ముట్టుకోవడానికి రెండుసార్లు ఆలోచిస్తుంది. ఆమె ఆలోచించే ఆ పది నిమిషాలు కూడా బిడ్డ ఖాతాలోంచే పోతాయి. దాడులు చేసి వైద్యాన్ని వేగంగా రప్పించలేం.

మరి ఏం చేయాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, అత్యవసర సిజేరియన్లకు రెండు సమయాలు రాసిపెట్టాలి. నిర్ణయం ఎప్పుడు, బిడ్డ బయటికి ఎప్పుడు. కొన్ని ఆసుపత్రుల్లో ఫీజుల బోర్డు ఉంటుంది. దాని పక్కనే గత మూడు నెలల్లో అత్యవసర ఆపరేషన్‌కు సగటున ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. జిల్లా వైద్యాధికారులు నెలకోసారి ఆ పుస్తకం తెరిచి చూడండి. శిక్షించడానికి కాదు. ఎక్కడ పోతోందో తెలుసుకోవడానికి. కొలవడం మొదలుపెట్టిన రోజునే కొంత ఆలస్యం తగ్గుతుంది. థియేటర్ తాళం ఎవరి దగ్గర ఉందో వెతకడం లాంటివి ముందు పోతాయి.

ప్రొద్దుటూరు లాంటి ఊళ్లో మత్తు డాక్టర్లమంతా కలిసి రాత్రి డ్యూటీ చీటీ వేసుకోవచ్చు. ఈ రాత్రి మొదటి పిలుపు ఫలానావారిది, ఆయన థియేటర్లో ఉంటే రెండో పిలుపు ఫలానావారిది. ఖర్చును నర్సింగ్ హోములు పంచుకోవాలి. మేం పదిహేనేళ్ల కిందట ఒకసారి ప్రయత్నించాం. మూడు నెలలు నడిచింది, డబ్బుల దగ్గర తేడా వచ్చి ఆగిపోయింది. ఈసారి ఎవరైనా వైద్యుల సంఘం భుజాన వేసుకుంటే తప్ప మళ్లీ అంతే. మత్తు నిపుణులు దొరకని ప్రభుత్వ ఆసుపత్రుల కోసం ఎంబీబీఎస్ డాక్టర్లకు ప్రత్యేక శిక్షణ ఇచ్చే పథకం ఎన్నో ఏళ్లుగా దేశంలో ఉంది. శిక్షణ పొందినవాళ్లను ఆ పనే చేయగల చోట ఉంచకుండా ఇంకో విధికి బదిలీ చేస్తే ఆ శిక్షణంతా వృథా.

మధ్యతరగతి వాళ్లం ప్రభుత్వ ఆసుపత్రి అంటే ముక్కు మూసుకుంటాం. శుభ్రత విషయంలో ఆ ఫిర్యాదు చాలాసార్లు నిజమే. కానీ రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఇంట్లో కాక లోపలే ఉండేది, బ్లడ్ బ్యాంకు అదే ఆవరణలో ఉండేది మామూలుగా మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనే. కడపలో 2006 నుంచి ఒకటి ఉంది. బీపీ ఎక్కువగా ఉన్నా, పాత సిజేరియన్ ఉన్నా, కవలలైనా, మాయ కిందికి ఉందని స్కానింగులో చెప్పినా, నొప్పులు రాకముందే అలాంటి చోట పేరు నమోదు చేయించుకోండి. సిజేరియన్, రక్తం, మందులు, రాకపోకలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011 నుంచే ఉంది. ఉచితం అన్నందుకు నాణ్యత తక్కువ అనుకోనక్కర్లేదు. సముద్రపు గాలి వచ్చే ఏసీ గది కంటే పక్క గదిలో నిద్రపోతున్న మత్తు డాక్టరు విలువైనవాడు.

ప్రైవేటులోనే చేయించుకుంటామంటే ఏడో నెలలోనే అడగండి. రాత్రి మత్తు డాక్టరు ఇక్కడే ఉంటారా, బయటి నుంచి వస్తారా, ఆయన ఇల్లెక్కడ? ఆయన దొరక్కపోతే ఇంకెవరు? మా అమ్మాయి గ్రూపు రక్తం ఎక్కడ ఉంది? పుట్టగానే బిడ్డను చూసే పిల్లల డాక్టరు ఎవరు? మీ వల్ల కాకపోతే ఎక్కడికి పంపుతారు, ఏ స్థితిలో పంపుతారు? ఇంట్లో కూడా ఒక మాట అనుకోండి. ఆపరేషన్ అంటే ఎవరినీ అడగకుండా తానే సంతకం పెడుతుందని ఆ అమ్మాయితోనే, అందరి ముందూ అనిపించండి. ఉమ్మనీరు పచ్చగా పోయినా, రక్తం పోతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా తెల్లవారేదాకా ఆగకండి. బొడ్డుతాడు బయటికి కనిపిస్తే దాన్ని లోపలికి నెట్టకండి, లాగకండి. ఆమెను మోకాళ్లు, మోచేతుల మీద వంగి, నడుము పైకి ఉండేట్టు ఉంచి, 108కు ఫోను చేసి, ఆసుపత్రికి ముందే చెప్పండి.

ఈ మధ్య మా వీధిలో ఉండే ఒక టీచరు తన కూతురి కాన్పు గురించి సలహా అడిగాడు. ఏడో నెల. నేను ఆయనకు పైన రాసిన ప్రశ్నలన్నీ చెప్పి పంపించాను. సాయంత్రం వచ్చి నవ్వుతూ చెప్పాడు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి అయోమయంగా చూసి, “అట్లా ఎవురూ అడగలే సార్” అని లోపలికి పోయి కనుక్కుని వచ్చిందట. “మత్తు డాక్టరు నంబరు ఉంది సార్, పిలిస్తే వస్తాడు” అందట. “ఎంతసేపట్లో?” అని ఈయన అడిగాడు. ఆ అమ్మాయి మళ్లీ లోపలికి పోయింది, ఈసారి చాలాసేపు రాలేదు.

ఆయన రేపు ఇంకో ఆసుపత్రికి వెళ్తున్నాడు. ఇంకా రెండు నెలల టైముంది.